ఎడమ పురి, కుడి పురి

పోయిన నెల మా వీధి చివర గోడ మీద ఒక పోస్టర్ చూశాను. మా కోయంబత్తూరులో మనిషి పోతే మరునాటికల్లా గోడల మీద ఫోటోతో కాగితం అంటిస్తారు. పైన తమిళంలో 'కణ్ణీర్ అంజలి' అని ఉంటుంది, కింద పేరు, చుట్టాల పేర్లు, ప్రార్థనో కర్మో జరిగే రోజు. పొద్దున నడకకు బయలుదేరే నా వయసువాళ్ళకు పేపరు కంటే ముందు ఆ గోడ చదవడం అలవాటు. ఆ రోజు కాగితం మీద ఒక మూల సిలువ గుర్తు, మధ్యలో ఒక ముసలమ్మ ముఖం ఉన్నాయి. ముఖం నాకు తెలియలేదు. కన్ను తెలిసింది. ఎడమ కన్ను కుడి కన్ను కంటే చిన్నగా, ఏదో సన్నటి వస్తువును పట్టి చూస్తున్నట్టు సగం మూసి ఉంది. ఫోటో తీసినవాడు కన్ను తెరవమని చెప్పే ఉంటాడు. ఆమె తెరిచి ఉండదు.

ఇంటికి వచ్చి పాత డైరీలు తీశాను. పదహారో ఏట నుంచి నేను రోజూ డైరీ రాస్తున్నాను, జ్వరం వచ్చిన రోజులు కూడా వదల్లేదు. ఆమె మా దగ్గర పనిచేసిన రెండేళ్ళ డైరీలలో ఆమె పేరు ఒక్కచోట కూడా లేదు. గుల్లలు ఏరడం ఆమె పని; 'ఏరే మనిషి' అని ఉంది. 'ఏరే మనిషి రాలేదు.' 'ఏరే మనిషికి కొత్త కుంచె ఇచ్చాను.' అందుకే ఇక్కడ కూడా పేరు రాయడం లేదు. అప్పుడు రాయనివాడిని ఇప్పుడు రాసి ఏదో ఇచ్చినట్టు కనబడడం నాకు ఇష్టం లేదు.

అప్పట్లో నేను ఊళ్ళో ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం ల్యాబులో సహాయకుడిని. అంతకు ముందు అయిదేళ్ళు ఒక మిల్లులో పత్తి గోడౌన్ గుమాస్తాగా ఉన్నాను. కాలేజీ పని ఇంకా తాత్కాలికమే. మా ప్రొఫెసర్ తమిళుడు, సముద్రం పిచ్చి ఉన్నవాడు. సముద్రం మా ఊరికి ఎంత దూరమో, ఆ పిచ్చి ఆయనకు అంత ఎక్కువ. ఓడ మీద నుంచి పొడుగాటి గొట్టాన్ని అరేబియా సముద్రం అడుగులోకి దింపి తీసిన మట్టి ఆయన వాటాగా మాకు వచ్చింది. ఆ మట్టి కడ్డీని బిళ్ళలుగా కోసి, ఒక్కో బిళ్ళను పాలిథిన్ కాగితంలో చుట్టి, లోపల నంబరు చీటీ పెట్టి, నిలువు డబ్బాలలో వరసగా పేర్చి పంపారు. డబ్బాకు ఇరవై బిళ్ళలు. మూత తీస్తే ఎండుచేపల సంత ల్యాబులోకి వచ్చినట్టు ఉండేది.

ఆ మట్టిలో ఉన్న విషయం ఇది. సముద్రంలో కంటికి ఆనని చిన్న ప్రాణులు బతుకుతాయి. అవి చచ్చిపోయాక వాటి గుల్లలు అడుగుకు దిగి మట్టిలో నిలిచిపోతాయి. బెత్తెడు మట్టి పేరుకోవడానికి కొన్ని వేల ఏళ్ళు పడుతుంది. కొన్ని జాతులకు వెచ్చని నీళ్ళు కావాలి, కొన్నిటికి చల్లనివి. ఒక జాతి గుల్ల అయితే నత్తగుల్లలాగా చుట్టుకుంటూ పెరుగుతుంది. నీళ్ళు వెచ్చగా ఉన్న కాలంలో ఎక్కువ భాగం ఎడమకు తిరుగుతాయి, చల్లబడిన కాలంలో కుడికి తిరిగేవి పెరుగుతాయి. ఏ బిళ్ళలో ఏవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటూ పైనుంచి కిందికి పోతే, మనుషులు రాత నేర్వక ముందు సముద్రం ఎప్పుడు వేడెక్కిందో, ఎప్పుడు చల్లబడిందో వరసగా తెలుస్తుంది. వరస ముఖ్యం. వరస తప్పితే మిగిలేది ఉట్టి మట్టి.

మట్టిని నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి, ఆరబెట్టి, నల్ల పళ్ళెంలో చల్లి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, మూడు వెంట్రుకల కుంచెతో ఒక్కో గుల్లను ఏరాలి. ఇసుక రేణువంత గుల్ల. విద్యార్థులు పావుగంట ఏరి కళ్ళు నొప్పి అనేవాళ్ళు. ఆ రోజుల్లో ఒక మిల్లు లాకౌట్లో ఉంది. నూలును కోనులకు చుట్టే వైండింగ్ సెక్షన్లో పనిచేసే ఆడవాళ్ళు ఇళ్ళలో ఖాళీగా కూర్చున్నారు. వాళ్ళ కళ్ళు, వేళ్ళు ఎలాంటివో నాకు తెలుసు. తెగిన పోగును నడిచే మిషను మీద కనిపెట్టి, కనురెప్ప వేసేంతలో ముడి వేసేవాళ్ళు. నేనే ప్రొఫెసర్‌కు చెప్పాను. ఆమెను తీసుకువచ్చింది కూడా నేనే.

ఆమె మిల్లు వెనక లైన్ ఇళ్ళలో ఉండేది. వాళ్ళదీ తెలుగే, మాదీ తెలుగే, 'అదే' అనడానికి తమిళం తగిలి 'అదిదా' అనే తెలుగు, కానీ వాళ్ళు మా వీధిలోకి పని ఉంటే తప్ప వచ్చేవాళ్ళు కారు. మేము వాళ్ళ లైనులోకి అసలు పోయేవాళ్ళం కాము. ఆమెకు అప్పటికి నలభై దాటి ఉంటాయి. నాకంటే పెద్దది. అయినా నేను 'ఏమ్మా, నువ్వు' అనేవాడిని, ఆమె నన్ను 'సార్' అనేది. హుషారుగా ఉన్నప్పుడు 'గోడౌన్ సార్' అనేది.

మొదటి రోజు ప్రొఫెసర్ పళ్ళెంలో చిటికెడు కడిగిన ఇసుక చల్లి, ఏమి కనబడుతోందో చెప్పమన్నారు. ఆమె ఎడమ కన్ను మూసి, కుడి కన్ను ఆనించి, చాలాసేపు కదలలేదు. ఎవరూ ఇంకా ఏమీ నేర్పలేదు.

"ఎవడో చక్కంగా చుట్టిపెట్టినాడు సార్. దీంట్లో ఇడంపురీ ఉండాది, వలంపురీ ఉండాది. కలిపి పెట్టవల్లనా, విడివిడిగానా?"

నూలుకు పురి ఎటు తిరిగిందో చూడడం వాళ్ళ పనిలో భాగం. ఎడమ పురి నూలు, కుడి పురి నూలు పొరపాటున కలిస్తే గుడ్డ పాడవుతుంది. ఇడంపురి అంటే ఎడమ పురి, వలంపురి అంటే కుడి పురి; శంఖాలకు తమిళులు వాడే ఆ మాటలను ఆమె నూలుకు వాడింది, నూలు నుంచి గుల్లలకు తెచ్చింది. ప్రొఫెసర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఎం.ఎస్సీ. వాళ్ళకు ఆ తేడా చూపించడానికి ఆయనకు ఒక టర్ము పట్టేది.

ఆమెకు మెల్లగా మాట్లాడడం రాదు. ఇరవై ఏళ్ళు మిషన్ల హోరులో పనిచేసిన గొంతు. నిశ్శబ్దంగా ఉండే ల్యాబులో "సార్, నీళ్ళు!" అని అరిస్తే పక్క గదిలో పాఠం ఆగిపోయేది. ప్రొఫెసర్ రెండుమూడు సార్లు విసుక్కున్నాక ఆమె ఇంకో దారి పట్టింది. మిల్లులో హోరు మరీ ఎక్కువైనప్పుడు ఆ ఆడవాళ్ళు గొంతు వాడరు, పెదవులు మాత్రం కదిపి ఈ చివర నుంచి ఆ చివరకు మాట్లాడుకుంటారు. నేను గోడౌన్ మనిషినైనా నాకూ ఆ చదువు కొంత అబ్బింది. దాంతో ల్యాబు ఆ మూల నుంచి ఆమె, ఈ మూల నుంచి నేను చప్పుడు లేకుండా మాట్లాడుకునేవాళ్ళం. 'టీ వచ్చెనా?' 'రాలే.' 'మీ పెద్దాయన కోపంగా ఉండారే?' 'కడుపు నొప్పి.' విద్యార్థులకు ఏమీ అర్థమయ్యేది కాదు.

కుంచెను పెదవికి తడి చేసుకునేది. అలా చేయవద్దని చెప్పాను. చేసేది. దాని వల్ల ఒక లాభమూ ఉండేది. ఒక్కోసారి కుంచె పెదవికి తాకగానే ముఖం చిట్లించి పళ్ళెం నా వైపు తోసేది. "ఉప్పు పోలేదు సార్. సరిగ్గా కడగలేదు మీరు. ఇంటికాడ బియ్యం కూడా ఇట్లనే కడుగుతారా?" మళ్ళీ కడిగితే నిజంగానే జల్లెడ నుంచి తెల్లటి నీళ్ళు పోయేవి.

ఇంగ్లీషు రాదు, తమిళంలో సంతకం వరకు వచ్చు. అంకెలు మాత్రం గట్టిగా వచ్చు. ఎడమ వైపు ఒక కుప్ప, కుడి వైపు ఒక కుప్ప చింతగింజలు పెట్టుకునేది. పది గుల్లలకు ఒక గింజ. బిళ్ళకు మూడు వందల గుల్లలు లెక్క అయ్యాక గింజలు నాకు చూపేది, నేను పుస్తకంలో రాసేవాడిని. ఊళ్ళో ఏ మిల్లు సంగు ఊదినా, అంటే సైరను మోగినా, చేతిలో కుంచె పెట్టేసి లేచి నిలబడేది. "నీ మిల్లుది కాదమ్మా, అది వేరే మిల్లు" అంటే, "తెలుసు సార్. కాళ్ళకు తెలీదు" అని కూర్చునేది. ఊరికే కూర్చున్నప్పుడు ఆమె బొటనవేలు, చూపుడువేలు ఒకదానిమీద ఒకటి రాసుకుంటూ లేని పోగులకు ముడులు వేస్తుండేవి.

ఒకసారి ప్రొఫెసర్ అడిగారు, సముద్రం చూశావా అని.

"యాడ సార్. ఒకే ఒక తూరి వేళాంగణ్ణి మాత కోయిలకు పోతిమి. ఆ జనంలో బిడ్డ తప్పిపోతాదని బిడ్డనే చూస్తా నిలబడితిని. సముద్రం చూడలే."

తరువాత కొంచెంసేపటికి తనే అడిగింది. "సార్, ఈ నీళ్ళు చల్లబడిన కాలంలో మన పాలక్కాడు గాలి ఎట్ల ఉండెను?"

మా ఊరికి ఎండాకాలం చివర పాలక్కాడు కనుమలోంచి చల్లగాలి వస్తుంది, అది ఆ సముద్రం మీద నుంచి వచ్చేదే. ప్రొఫెసర్ నా వైపు తిరిగి, "నేను ముప్పై పేజీలలో అడగబోయే ప్రశ్న ఇదే" అన్నారు. ఆ రోజు డైరీలో నేను ప్రొఫెసర్ మాట రాశాను. ఎవరిని చూసి అన్నారో రాయలేదు.

ఆమె చెప్పుకునే గొప్ప ఒకటే. "నా చేతిలో కౌంటు కలవదు సార్." కౌంటు అంటే నూలు సన్నదనాన్ని చెప్పే నంబరు. నలభై కౌంటు కోను అరవై కౌంటు కోనులలో కలిస్తే, ఎక్కడో నేసిన గుడ్డలో చార పడుతుంది. అది ఎవరి చేతి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ వస్తారు. కౌంటు కలిపిందన్న పేరు పడిన మనిషిని వైండింగ్‌లో ఎవరూ పక్క మిషనులో నిలబెట్టుకోరు. లైనులో ఆడవాళ్ళు పోట్లాడుకున్నప్పుడు అనుకునే చివరి మాట అదే. ఇరవై ఏళ్ళలో ఆమెకు ఒక్కసారి కూడా ఆ పేరు రాలేదు. లాకౌట్ తీసేస్తే ముందు పిలిచే పది మందిలో తాను ఉంటానని ధైర్యంగా ఉండేది.

ఆ ఏడు వానలకు ల్యాబు కప్పు కారింది. మూడో డబ్బాలోకి నీళ్ళు దిగి చీటీల సిరా చెరిగిపోయింది. బిళ్ళలకు ఏమీ కాలేదు, పేర్చిన వరసలోనే ఉన్నాయి. కొత్త చీటీలు రాయడమే పని. అది నేను చేశాను. మూడో డబ్బాకు నలభై ఒకటి నుంచి అరవై దాకా నంబర్లు.

మా మిల్లు గోడౌన్‌లో పత్తి బేళ్ళను అట్టిలుగా, అంటే ఒకదానిమీద ఒకటిగా, పేర్చేవాళ్ళం. అట్టిలో అడుగున ఉండే బేలు ముందు వచ్చింది, దానిదే మొదటి నంబరు. అయిదేళ్ళు నా చేయి అడుగు నుంచి పైకి లెక్కపెట్టింది. సముద్రం మట్టికి ఆ లెక్క తిరగబడుతుంది. పైనున్న బిళ్ళకు మొదటి నంబరు ఇచ్చి కిందికి పోవాలి. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా, ఆ మధ్యాహ్నం నా చేయి దాని పాత లెక్కే లెక్కపెట్టింది. అడుగు బిళ్ళకు నలభై ఒకటి, పై బిళ్ళకు అరవై. చాలా శుభ్రంగా, గుండ్రటి అంకెలతో రాశాను.

నెల తరువాత ఆమె నా బల్ల దగ్గరకు వచ్చింది. ఆ రోజు పెదవులతో కాదు, గొంతు తగ్గించి మాట్లాడింది. అది ఆమెకు ఎంత కష్టమో నాకు తెలుసు.

"సార్, ఒక మాట. ఈ మూడో డబ్బా తలకిందులుగా ఉండాది."

"ఏమి తలకిందులు?"

"నలభైలో వలంపురి కొంచెందా ఉండాది. నలభై ఒకటికి పోతే ఒకేసారి గుప్పుమని పెరిగిపోయె. ఇట్ల తెగదు సార్. అరవై చూస్తిరంటే అచ్చం నలభై మాదిరి. ఈ పక్క నలభై ఒకటి, అరవై ఒకటితో సరిపోతాది. కొసకు కొస ముడి పడవల్ల గదా? నలభై కొస అరవైకి పడతాది. నలభై ఒకటికి పడదు."

ఇప్పుడు ఇది రాస్తూ, ఎంత తేలికగా చెప్పిందో చూస్తున్నాను. అప్పుడు నాకు వినపడింది ఒకటే: ఏరే మనిషి వరస గురించి మాట్లాడుతోంది.

"ఏరేదిదా నీ పని. వరస నా పని. నేను అన్నీ రాసి పెట్టుకుంటాను, తెలుసుగదా?"

"తెలుసు సార్. అందుకేదా మీకాడ చెప్తిని" అని ఆమె వెళ్ళి కూర్చుంది.

పది రోజులకు ప్రొఫెసర్ గ్రాఫు గీశారు. ఆయన ఒక పెద్ద సభలో చదవాల్సిన వ్యాసం అది. గీత రెండు డబ్బాలు చక్కగా నడిచి, మూడో డబ్బాలో విరిగి, నాలుగో డబ్బా మొదట్లో మళ్ళీ విరిగింది. ఆయన గ్రాఫు కాగితం పట్టుకుని ల్యాబులోకి వచ్చారు. అయిదారుగురు విద్యార్థులు ఉన్నారు, అటెండరు ఉన్నాడు.

"మూడో డబ్బా పళ్ళేలు ఎవరో కలిపేశారు. ఎవరు?"

నేను ఏమీ అనకముందే ఆయన నాకు సర్టిఫికెట్ ఇచ్చేశారు. "ఇతను కాదు. ఇతను తుమ్మినా డైరీలో రాస్తాడు." తరువాత ఆమె వైపు తిరిగారు. "నువ్వు కలిపావా?"

"లేదు సార్. నా చేతిలో కలవదు."

"మరి ఎవరి చేతిలో కలిసింది?"

ఆమె ఆయనను వదిలి నా వైపు చూసింది. ఆ మూల నుంచి, గొంతు లేకుండా, పెదవులు కదిపింది. 'మీరు చెప్పండి సార్.' ఆ గదిలో ఆ మాట తెలిసినవాడిని నేనొక్కడినే. ఆమె పది రోజుల కింద చెప్పిన మాటనైనా నేను పైకి అనవచ్చు. డబ్బా తలకిందులని ఈమె అంటోంది సార్, ఒకసారి చూద్దాం, అంటే చాలు. నేను తల వంచి త్రాసు పళ్ళేలు తుడిచాను.

ప్రొఫెసర్ చెడ్డ మనిషి కారు. అరవలేదు. రేపటి నుంచి రావద్దన్నారు, అంతే. ఆమె చింతగింజలను కొంగులో పోసుకుని, కుంచెను కడిగి, వెంట్రుకలు చెదరకుండా నిలబెట్టి వెళ్ళిపోయింది.

మరునాడు భోజనాల వేళ, గది ఖాళీగా ఉన్నప్పుడు, వానల నెల డైరీ తీశాను. తీయకుండా ఉండలేకపోయాను. నా చేతిరాతతోనే ఉంది. 'మూడో డబ్బా చీటీలు తడిశాయి. అడుగు నుంచి పైకి 41–60 కొత్తగా రాశాను.' రెండుసార్లు చదివాను. అన్నం డబ్బా మూత పెట్టేశాను. ముందు రోజు తేదీ కింద నేను రాసింది కూడా అదే పూట చదివాను. 'ఏరే మనిషిని మాన్పించారు. మూడో జల్లెడ చిరిగింది, కొత్తది కావాలి.' జల్లెడ గురించి అంతకంటే రెండు మాటలు ఎక్కువ రాశాను.

ఆ పూట ప్రొఫెసర్ గది తలుపు తెరిచే ఉంది. పదిహేను అడుగులు. ఆ ఏడాది నా ఉద్యోగం ఖాయం కావాలి, ఫైలు ఆయన బల్ల మీద ఉంది. అది కారణమని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. నేను పొరపాటు చేయనివాడినని ఆయన అందరి ముందూ అన్నారు. ఆ పేరు నాకు ఉద్యోగం కంటే తీపిగా ఉండింది. పైగా ఆమె కలిపిందంటే నమ్మడానికి ఎవరికీ సాక్ష్యం అక్కర్లేకపోయింది. లైన్ ఇళ్ళ మనిషి, చదువు లేని మనిషి. నేను నోరు విప్పి అబద్ధం ఆడే అవసరం కూడా రాలేదు.

మూడు వారాలు పోనిచ్చి, మూడో డబ్బా నంబర్లను తిప్పి రాసుకుని ప్రొఫెసర్ దగ్గరకు వెళ్ళాను. "మళ్ళీ సరిచూశాను సార్. వరస దొరికింది." గీత ఒక్క విరుపు లేకుండా నాలుగు డబ్బాల పొడుగునా నడిచింది. ఆయన దాన్ని వేలితో తడుముతూ, "ఆ మనిషి పోయాక అన్నీ సరిగ్గా వచ్చాయి చూడు" అన్నారు. నేను అవునని తల ఊపాను. అచ్చయిన వ్యాసం చివర, నమూనాలను జాగ్రత్తగా భద్రపరచినందుకు నాకు కృతజ్ఞతలు ఉన్నాయి. దాని నకలు ఇప్పటికీ నా అలమరలో ఉంది.

మా అటెండరుది కూడా అదే లైను. కాలేజీలో పళ్ళేలు కలిపిందన్న మాట వారం తిరగకముందే లైనులో 'కౌంటు కలిపింది' అయింది. లాకౌట్ తీసేశాక ముందు పిలిచిన పది మందిలో ఆమె లేదు. తరువాత పిలిచిన వాళ్ళలోనూ లేదు. వైండింగ్ మేస్త్రీ ఒకసారి బజారులో కనిపించి నన్నే అడిగాడు.

"ఏమి సార్, మా మనిషి మీకాడ కలిపేసెనంటనే, నిజమా?"

"అట్ల అంటా ఉండారు" అన్నాను.

మళ్ళీ ఆమెను చూసింది ఆరేడేళ్ళకు, మేట్టుపాళయంలో. మా చుట్టాల పెళ్ళికి తాంబూలానికి వక్కలు కొనడానికి మండీకి వెళ్ళాను. గోనెపట్టాల మీద పది మంది ఆడవాళ్ళు కూర్చుని వక్కలను రకాలుగా ఏరుతున్నారు. ఒకామె వక్కను ఎత్తి ఎడమ కన్ను మూసి చూస్తోంది. నేను వెనక్కి తిరగబోయేంతలో ఆమె గొంతు మండీ అంతా మోగింది.

"గోడౌన్ సార్! ఏంటికి సార్ పోతారు? రాండి!"

వెళ్ళాను. పక్కవాళ్ళకు నన్ను చూపించింది. "ఈయనదా నేను చెప్పిన సార్. సముద్రం మట్టి సార్." ఆ ఆడవాళ్ళు నవ్వారు. ఒకామె, "అయితే నిజందానా? మేము కతలు చెప్తావుండావని అనుకుంటిమి" అంది. బిడ్డ గురించి, నా ఆరోగ్యం గురించి రెండు మాటలయ్యాక, ఆమె చేతిలో వక్క కింద పెట్టింది.

"సార్, ఆ డబ్బా సరిపోయెనా?"

"సరిపోయింది."

"తలకిందులేనా?"

"అవును. నువ్వు చెప్పినట్లేదా."

ఆమె ముఖం వెలిగింది. కోపం వస్తుందని నేను గట్టిగా నిలబడ్డాను, రాలేదు. తొడ మీద చరుచుకుని పక్కవాళ్ళ వైపు తిరిగింది. "చూస్తిరా? కొసకు కొస పడలేదని నేను చెప్తిని!" తరువాత నన్ను అడిగింది. "ఎవరు తిప్పిరి సార్?"

"ఎట్లో తిరిగిపోయింది" అన్నాను.

ఆమె నన్ను ఒక క్షణం చూసింది. ఆ కన్ను మూసే చూసింది. ఏమి కనబడిందో తెలియదు.

"సరి సార్. ఒక ఉపకారం చేస్తారా? ఒక తూరి మా లైనుకు రాండి. మా వైండింగ్ ఆడోళ్ళకాడ ఒక్క మాట చెప్పండి, ఇది కలపలేదని. నేను చెప్తే నా మాట నేనే చెప్పుకున్నట్ల ఉంటాది. మీరు చెప్తే అది వేరే. ఆదివారం అందరూ ఉంటారు."

"వస్తాను" అన్నాను.

"కాఫీ పెట్టిస్తాను" అంది.

ఆ ఆదివారం డైరీలో ఇంట్లో పాత కాగితాలు సర్దానని ఉంది. తరువాతి ఆదివారం ఎవరో చుట్టాలు వచ్చారు. ఆ తరువాత ఆ విషయం డైరీలో లేదు. లైను మా ఇంటికి ఇరవై నిమిషాల నడక. నేను రిటైరయ్యాక ప్రతి పొద్దునా నడిచేది అంతకంటే ఎక్కువ. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, లైనులో సగం ఇళ్ళు కొట్టేసి అపార్ట్‌మెంట్లు కట్టారు. వైండింగ్ ఆడవాళ్ళు చెదిరిపోయి ఉంటారని, ఇప్పుడు పోయి ఎవరితో చెప్పాలని, ఆ మాట కూడా నాకు పనికి వచ్చింది.

పోస్టర్లో ప్రార్థన రోజు చూసి ఆ సాయంత్రం వెళ్ళాను. మిగిలిన ఇళ్ళ వరసలో చివరిది. పాస్టరు ప్రార్థన ముగించి బయటికి వస్తున్నాడు. గుమ్మం ముందు షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలలో ఏడెనిమిది మంది ముసలమ్మలు కూర్చుని ఉన్నారు. కాఫీ కప్పులు ఏరుతున్న యాభై ఏళ్ళ ఆడమనిషి ఎదురు వచ్చింది. కూతురు. వేళాంగణ్ణిలో తప్పిపోతుందని భయపడిన బిడ్డ ఈమే అయి ఉంటుంది.

"కాలేజీలో మీ అమ్మతో పనిచేసినాను" అన్నాను.

"సముద్రం మట్టి కాలేజీనా? రాండి సార్, కూచోండి."

నేను కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ లేచేలోపు ఏదో ఒకటి అడ్డం వస్తుందని నాకు నా గురించి తెలుసు. "ఒక మాట చెప్పి పోవల్ల" అన్నాను. "ఆ రోజు మీ అమ్మ ఏమీ కలపలేదు. నంబర్లు తలకిందులుగా రాసింది నేను. మరునాడే నాకు తెలిసింది. ఎవరికీ చెప్పలేదు."

ఆమె చేతిలో కప్పులు అలాగే ఉన్నాయి.

"ఆదివారం వస్తానని చెప్పింది మీరేనా?"

"నేనే."

ఆమె పక్కకు తప్పుకుంది. కుర్చీలలో ఉన్న ముసలమ్మలను చేత్తో చూపింది. "వాళ్ళకాడ చెప్పండి. వాళ్ళందరూ వైండింగ్‌దా."

చెప్పాను. ఇంటి తెలుగులోనే, మొదటి నుంచి, కప్పు కారిన రోజు నుంచి చెప్పాను. అట్టి సంగతి వాళ్ళకు విడమరచి చెప్పాల్సిన అవసరం లేకపోయింది, గోడౌన్ పద్ధతి వాళ్ళకూ తెలుసు. బజారులో మేస్త్రీతో అన్న మాట కూడా చెప్పాను. ముగించాక అందరిలోకి పెద్దావిడ, ముందు కుర్చీలో ఉన్నామె, కర్రను రెండో చేతికి మార్చుకుంది.

"అది కలపలేదని మాకు అప్పుడే తెలుసు సార్. పదైదు ఏండ్లు పక్క మిషనులో నిలబడినోళ్ళం. దాని చెయ్యి మాకు తెలీదా? కలిపింది ఎవరో, అదిదా తెలీకుండె." తరువాత అడిగింది. "మీ పేరు ఏమి?"

చెప్పాను. ఆమె వినపడలేదని చెయ్యి చెవికి ఆనించింది. షామియానా కింద ఉన్న అందరికీ వినపడేటట్టు మళ్ళీ చెప్పాను.